చెవిలో మాటలు ఆగాయి... మా అబ్బాయి మళ్లీ మామూలుగా అవుతాడా?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉండగా ఎవరో చెవిలో తిడుతున్నారని, అన్నంలో ఏదో కలుపుతున్నామని అనడం మొదలుపెట్టాడు. డాక్టరు స్కిజోఫ్రీనియా అన్నారు. మూడేళ్లుగా మందులు వాడుతున్నాం. మాటలు వినపడటం ఆగింది. కానీ రోజంతా మంచం మీదే ఉంటాడు. స్నానానికి పదిసార్లు చెప్పాలి. ‘ఒళ్లు బద్ధకం’ అని వాళ్ల నాన్న కోప్పడుతున్నారు. పెళ్లి చేస్తే దారికొస్తాడని బంధువులంటున్నారు. ఇక వాడి బతుకు ఇంతేనా?
- ఒక తల్లి, తణుకు

జవాబు: ఇంతే కాదమ్మా. ధైర్యం చెప్పడం కోసం అంటున్న మాట కాదిది. ఈ జబ్బు వచ్చినవారిలో కనీసం ముగ్గురిలో ఒకరు పూర్తిగా కోలుకోగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అమెరికాలోని వెర్మాంట్‌లో ఏళ్ల తరబడి ఆసుపత్రి వార్డుల్లోనే ఉండిపోయిన వారిని సుమారు 30 ఏళ్ల తర్వాత వెతికి చూశారు. ఆ ఫలితాలు 1987లో అచ్చయ్యాయి. సగానికి పైగా బాగా మెరుగుపడటమో, కోలుకోవడమో జరిగింది.

చెవిలో మాటలు, అనుమానాలు ఈ జబ్బులో ఒక భాగం. వాటి మీద మందులు బాగా పనిచేస్తాయి. చొరవ, మాట, ముఖంలో భావం తగ్గిపోవడం రెండో భాగం. దాని మీద మందుల ప్రభావం తక్కువ. చూడటానికి అచ్చం బద్ధకంలా ఉంటుంది గనుక ఇంట్లో తిట్లన్నీ దానికే పడతాయి. ఒక్కోసారి మందు డోసు ఎక్కువైనా, దిగులు జబ్బు తోడైనా ఇలాగే ముడుచుకుని పడుకుంటారు. కాబట్టి ఈ సంగతి మీ సైకియాట్రిస్టుకు విడిగా చెప్పండి. చాలామంది తల్లిదండ్రులు ‘గొడవ చేయడం లేదండీ, బాగానే ఉన్నాడు’ అంటారు. మేమూ పాత మందులే మళ్లీ రాసి పంపేస్తుంటాం. తప్పు మాలోనూ ఉంది.

నా దగ్గరికి వచ్చే ఒకావిడ కొడుక్కి ఉదయం పాల ప్యాకెట్ తెచ్చే పని అప్పగించారు. మొదట్లో కొట్టు దాకా తానూ వెళ్లేవారు, తర్వాత వీధి మలుపు దాకా, ఆపైన గుమ్మం దాకా. ఒకరోజు ఆ అబ్బాయి చిల్లర తక్కువిచ్చావని కొట్టతన్ని అడిగి మరీ అయిదు రూపాయల బిళ్ల తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. అది చెబుతూ ఆవిడ ఏడ్చేశారు. ఏ ల్యాబ్ రిపోర్టూ నాకు అంత సంగతి చెప్పలేదు. మీరూ అలాంటి ఒక్క పని ఎంచుకోండి. రోజూ అదే వేళకు చేయించండి. అది కుదురుకున్నాకే రెండోది. మిగిలిపోయిన సబ్జెక్టుల మాట ఆ తర్వాత చూద్దాం.

ఎత్తిపొడుపులు, కసుర్లు ఎక్కువగా ఉన్న ఇళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ. నాన్నగారిది కోపంలా కనిపించే భయమని నాకు తెలుసు. ఈసారి ఆయన్నీ వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మందులు మాత్రం సొంతంగా ఆపకండి. ఆపిన మర్నాడు ఏమీ కాదు, మోసమంతా అక్కడే. కొన్ని వారాలకో నెలలకో నిద్ర తగ్గి, చూపులో అనుమానం మొదలవుతుంది. రోజూ మాత్రలతో పేచీ అయితే నెలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. బరువు, షుగరు, కొలెస్ట్రాల్ అప్పుడప్పుడు చూపించుకోవాలి. చచ్చిపోతానన్న మాట వస్తే మాత్రం ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పెళ్లి మందు కాదు. జబ్బున్నవారు పెళ్లి చేసుకోకూడదనీ కాదు. అతను కుదుటపడి, తనే కోరుకుంటే, అమ్మాయికి అంతా చెప్పి చేయండి. దాచి చేసిన పెళ్లిలో అబ్బాయి మొదట మాత్రలు చాటుగా మింగుతాడు, తర్వాత మానేస్తాడు. ఇలాంటి కేసులు ఎన్ని చూశానో!

మీకే ఊపిరాడనట్టు ఉన్నప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఎన్నింటికి లేచాడు, ఎంతసేపు బయట కూర్చున్నాడు, స్నానానికి ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చింది, రోజూ రెండు ముక్కలు రాయండి. పదిసార్లు కాస్తా ఎనిమిదైతే అదీ రాసి డాక్టరుకు చూపించండి.