పద్నాలుగు మంది తరగతిలో వెనక బెంచీ ఉండదు

అమ్మాయికి అమెరికాలో రెండు వేలమంది కూడా లేని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో సీటు వచ్చింది, అందరూ అక్కడే ఉండి చదవాలట, జీవితం ఎలా ఉంటుంది, పంపవచ్చా అని అడిగారు. అలాంటి చోట నేను 2011 నుంచి 2015 దాకా నాలుగేళ్లు ఉన్నాను. అయోవా రాష్ట్రం, చుట్టూ మొక్కజొన్న తప్ప మరేమీ కనబడని ఊరు. కాలేజీ పేరు చెప్పను. చెబితే ఇది రాసింది ఎవరో మా వాళ్లు పది నిమిషాల్లో పట్టేస్తారు. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ మాటలోనే ఉంది.

సీటు వచ్చిందనగానే మా ఇంట్లో మొదటి గొడవ పేరు గురించే. “యూనివర్సిటీ కాదా? ఉత్త కాలేజీయేనా?” అని మా పెద్ద మామయ్య. మన దగ్గర కాలేజీ అంటే యూనివర్సిటీ చెప్పుచేతల్లో ఉండేది కాబట్టి ఆయన అనుమానం ఆయనది. అయోవాలోనే కార్నెల్ కాలేజీ అని ఒకటి ఉంది, 1853లో పెట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఉన్న, మన వాళ్లందరికీ నోరూరించే కార్నెల్ యూనివర్సిటీ 1865 నాటిది. కాలేజీయే పన్నెండేళ్లు పెద్దది అని మామయ్యకు చెప్పాను. “మరి ఇన్నేళ్లయినా యూనివర్సిటీ ఎందుకు కాలేకపోయింది?” అన్నారు. ఆ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

రెండో గొడవ ‘ఆర్ట్స్’ అనే మాట మీద. బొమ్మలు వేయడం నేర్పిస్తారా అని అడగనివారు లేరు. నేర్పిస్తారు, దానితోపాటు భౌతికశాస్త్రం, ఆర్థికశాస్త్రం, చరిత్ర అన్నీ నేర్పిస్తారు. రెండో ఏడాది చివరికి గానీ ఏది ప్రధాన విషయమో తేల్చుకోనక్కరలేదు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య రెండేళ్లపాటు ఫోను చేసినప్పుడల్లా “బ్రాంచి వచ్చిందా?” అని అడిగేవాడు, సంబంధం కుదిరిందా అన్నట్టు. అయినా బొమ్మలంటే అంత చులకన ఎందుకు? బానిసత్వంలో పుట్టి, వేరుశనగ మీద పరిశోధనలతో పేరు తెచ్చుకున్న జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1890లో అయోవాలోని సింప్సన్ కాలేజీలో చేరి చదివింది చిత్రకళే. అతను వేసే మొక్కలను చూసి, నువ్వు వృక్షశాస్త్రం చదవాలి అని అయోవా స్టేట్ అనే వ్యవసాయ కాలేజీ దారి పట్టించింది ఎట్టా బడ్ అనే బొమ్మల టీచరు. వేలమంది ఉన్నచోట ఒక కుర్రవాడి చేతిలో ఆకు ఎలా తిరుగుతోందో చూసే తీరిక టీచరుకు ఉంటుందా? ఉండదు. నేను పెద్ద యూనివర్సిటీలో చదవలేదు, అయినా గట్టిగా చెబుతున్నాను, ఉండదు.

నేను ఎక్కడి నుంచి వెళ్లానో చెబితే గానీ మిగతాది అర్థం కాదు. ఆరో తరగతి నుంచీ హాస్టళ్లే. ఇంటర్ రెండేళ్లు విజయవాడలో, సెక్షనుకు ఎనభై మంది. నాది నాలుగో వరస, గోడ పక్క. నన్ను నెంబరుతో తప్ప పేరుతో పిలిచిన లెక్చరరు లేరు. ఆ నెంబరును ఇప్పటికీ ఒక పాస్‌వర్డులో వాడుతున్నాను. అక్కడ నేను బాగా నేర్చుకున్నది దాక్కోవడం. తల వంచుకుని పెన్ను కదుపుతూ ఉంటే రెండేళ్లు ఎవరి కంటా పడకుండా గడిపేయవచ్చు. అదీ రెసిడెన్షియలే, ఇదీ రెసిడెన్షియలే, కొత్తగా పోయేదేముంది అనుకుని విమానం ఎక్కాను.

మొదటి సెమిస్టరులో కొత్తగా చేరిన ప్రతివాడూ ఒక సెమినార్‌లో కూర్చోవాలి. ఒక్కొక్క ప్రొఫెసరు తనకు నచ్చిన విషయం పెట్టుకుంటారు. నాకు పడింది మొక్కజొన్న. నవ్వకండి, నిజంగా మొక్కజొన్నే. ఆ పంట అయోవాను ఎలా మార్చింది, నిలువెత్తు గడ్డి మైదానాలన్నీ దున్నేసి, వెయ్యింట ఒక వంతు కూడా మిగలకుండా ఎలా పోయాయి, ఇదీ పాఠం. ఒకే బల్ల, చుట్టూ పద్నాలుగు కుర్చీలు, ఉదయం ఎనిమిది గంటలకు. ప్రొఫెసరు చరిత్ర చెప్పే ఆవిడ. మిగతావాళ్లు ఆమెను పేరు పెట్టి పిలిచేవారు. నాకు నోరు రాక నాలుగేళ్లూ మేడమ్ అనే అన్నాను.

సాయంత్రాలు భోజనశాలలో పళ్లేలు కడిగేవాణ్ని. విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల దాకా పని చేసుకోవచ్చు. గంటకు 7 డాలర్ల 25 సెంట్లు, అయోవా కనీస వేతనం. తిన్నవాళ్లు తమ ట్రేను గోడలో ఉన్న వెడల్పాటి కంతలోంచి బెల్టు మీద పెట్టి వెళ్లిపోతారు. లోపల ఉన్న మాకు వాళ్ల చేతులు కనిపిస్తాయి, వాళ్లకు మా చేతులు కనిపిస్తాయి. మొహాలు కనబడవు. అందుకే ఆ పని నాకు ప్రాణం.

నవంబరులో ఒకరోజు, చదవాల్సిన అరవై పేజీలు చదవలేదు. జ్వరం అని ఈమెయిలు పెట్టి ఎనిమిది గంటల క్లాసు ఎగ్గొట్టాను. సాయంత్రం పనికి మాత్రం వెళ్లాను, ఎందుకంటే వెళ్లకపోతే బదులు మనిషిని మనమే వెతుక్కోవాలి. ఏడు గంటల వేళ, ఆవిరికి కళ్లద్దాలు మసకబారి, కంతలోంచి వస్తున్న ట్రేలు లాగుతున్నాను. ఒక ట్రే వచ్చింది, దాన్ని పట్టుకున్న చెయ్యి మాత్రం వదలలేదు.

“జ్వరం తగ్గినట్టుంది” అంది అవతలి నుంచి మేడమ్ గొంతు.

నా కుడి మణికట్టుకు ఎర్ర దారం ఉండేది. బయలుదేరే ముందు అమ్మమ్మ కనకదుర్గ గుడిలో కట్టించింది. ఆ రాష్ట్రం మొత్తంలో అలాంటి దారం ఇంకెవరి చేతికైనా ఉందో లేదో గానీ, ఆ కాలేజీలో లేదు. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. బెల్టు ఆగదు కదా, వెనక ట్రేలు ఒకదాని మీద ఒకటి ఎక్కి రెండు గ్లాసులు పగిలాయి. పక్కనున్న మిన్నెసోటా కుర్రవాడు ఎవరు అని సైగ చేశాడు. “నా ఎనిమిది గంటల క్లాసు” అన్నాను.

“రేపు నాలుగింటికి నా గదికి రా. గాజుముక్కలు, చెయ్యి జాగ్రత్త” అని వెళ్లిపోయింది.

మరునాడు ఆ గదిలో జ్వరం మాట రాలేదు. తిట్టి ఉంటే నాకు అలవాటే, తట్టుకునేవాణ్ని. ఆమె అడిగింది ఒకే ఒక్కటి: మీ ఇంట్లో ఏ పంట వేస్తారు? మాది తెనాలి దగ్గర పల్లె. వరి, అది కోశాక మొక్కజొన్న అన్నాను. ఆమె కుర్చీ ముందుకు జరిగింది. ఎలా వేస్తారు? “చల్లుతారు” అన్నాను ధైర్యంగా. మొక్కజొన్నను చల్లుతారా అని మళ్లీ అడిగింది, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. అప్పుడు తెలిసింది, మా పొలంలో ఆ గింజ నాటడం నేను ఒక్కసారి కూడా చూడలేదని. నాటేది డిసెంబరులో, అప్పుడు నేను హాస్టల్లో. సంక్రాంతికి ఇంటికి వచ్చేసరికి మొక్క మోకాలెత్తు ఉండేది. తెలియదు అని చెప్పాను. చదువు మొదలైనప్పటి నుంచి తెలియదు అని ఒక టీచరుతో అన్నది అదే మొదటిసారి. “అయితే తెలిసినవాళ్లను అడుగు” అంది.

ఆ రాత్రి కాలింగ్ కార్డు గీకి నాన్నకు ఫోను చేశాను. మా ఫోన్లు మామూలుగా మూడు నిమిషాలు: తిన్నావా, చలిగా ఉందా, చదువుతున్నావా. ఆ రోజు కార్డు అయిపోయి రెండోది కొనాల్సి వచ్చింది. ఒకప్పుడు వరి మాగాణుల్లో మినుము చల్లేవారట. పల్లాకు తెగులు, దానికి తోడు బంగారు తీగ అనే కలుపు పట్టి మినుము నాశనమైపోతుంటే, మా వైపు ఒకరిని చూసి ఒకరు మొక్కజొన్నకు మళ్లారట. కోసిన మాగాణిని దున్నరు. ఆ తేమ మీదే తాడు లాగి, కర్రతో గుంత చేసి, గింజ వేసి కప్పేస్తారు. అంతా చెప్పి నాన్న, “ఇంటి పట్టున ఉన్నప్పుడు అడిగితే ఊరికే చెప్పేవాణ్ని కదరా, దీనికి అమెరికా దాకా వెళ్లాలా?” అన్నారు.

అయోవాలో రైతులు మొక్కజొన్న గురించి ‘జులై నాలుగుకి మోకాలెత్తు’ అంటారు. నేను ‘సంక్రాంతికి మోకాలెత్తు’ అని పేరు పెట్టి ఎనిమిది పేజీలు రాశాను. దున్నకుండా వేసే పద్ధతి అక్కడా ఉంది, ఇంటి అంత యంత్రాలతో. మాకు తాడూ కర్రా చాలు అని గొప్పగా రాశాను. కాగితాలు తిరిగి వచ్చాయి. మూడో పేజీ అంచున పెన్సిలుతో చిన్న ప్రశ్న: ‘గుంత చేసింది ఎవరు?’

నాన్న ‘వేశాం’ అన్నారు, నేను ‘వేస్తాం’ అని రాశాను. వేసింది మేమిద్దరం కాదు. మళ్లీ ఫోను. ఆడకూలీలు, వరసకు ఇద్దరు, ఒకరు గుంత చేస్తే ఒకరు గింజ వేస్తారు. రోజుకు ఎంత ఇస్తారు, మగవాళ్లకు ఎంత, తేడా ఎందుకు అని అడుగుతూ పోయాను. నాన్నకు అనుమానం వచ్చింది. “ఆ ప్రొఫెసరమ్మ ఇక్కడ పొలం కొంటుందా ఏమిటి?” అన్నారు. తిరగరాసి ఇచ్చిన దానికి బి ప్లస్ వచ్చింది. ఏ రాలేదని ఇప్పటికీ బాధే.

చిన్న కాలేజీ అంటే నాకు ఇదే. పాఠాలు గొప్పవి, పుస్తకాలు గొప్పవి అని కరపత్రాల్లో వేసుకుంటారు, పాఠాలు ఎక్కడైనా దొరుకుతాయి. అక్కడ దొరకనిది దాక్కునే చోటు. అబద్ధం ఆడితే రాత్రి భోజనానికి అదే హాలులో ఎదురుపడాలి.

అయోవాలోనే గ్రిన్నెల్ కాలేజీలో 1948లో రాబర్ట్ నాయిస్ అనే విద్యార్థి హాస్టల్ విందు కోసం ఊరి మేయరు పందిని ఎత్తుకొచ్చాడు. అది పాడీపంటా ఉన్న రాష్ట్రం, అక్కడ పశువుల దొంగతనం అంటే ఆషామాషీ కాదు. భౌతికశాస్త్రం చెప్పే గ్రాంట్ గేల్, కాలేజీ అధ్యక్షుడు అడ్డుపడి బతిమాలబట్టి ఒక సెమిస్టరు సస్పెన్షన్‌తో బయటపడ్డాడు. తర్వాత 1968లో ఇంటెల్ అనే కంప్యూటర్ చిప్‌ల కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకడు అతనే. ఎనభై మంది సెక్షనులో ఆ పిల్లవాడి తరఫున ఎవరు మాట్లాడేవారు? నెంబరు తెలిసినంత మాత్రాన పంది కేసులో ఎవరూ పూచీ పడరు.

ఇలా చెబితే స్వర్గం అనుకుంటారు. కాదు. అందరికీ అందరూ తెలియడం ఊపిరాడని వ్యవహారం. మంగళవారం రాత్రి స్నేహితుడితో మాటామాటా పెరిగితే బుధవారం ఉదయం కాఫీ పోసే అమ్మాయికి తెలిసిపోతుంది. ప్రేమించుకుని విడిపోయినవాళ్లు అదే బల్ల దగ్గర పద్నాలుగు కుర్చీల్లో ఎదురెదురుగా మే నెల దాకా కూర్చోవాలి. మన తిండి తినేవాళ్లం కాలేజీ మొత్తంలో నలుగురం, అందులో ఇద్దరికి ఒకరంటే ఒకరికి పడదు. శాకాహారం అంటే ఉడకబెట్టిన శనగలే అనుకునే వంటవాళ్ల మీద నాకు ఇంకా కోపం తీరలేదు. గోంగూర సీసా కోసం అయోవా రాజధాని డి మోయిన్ దాకా గంటన్నర, అదీ కారున్నవాడి దయ మీద. జనవరిలో సున్నాకు ఇరవై డిగ్రీల కింద, మైదానం మీదుగా వచ్చే గాలికి అడ్డం చెట్టు కూడా ఉండదు. రెండో ఏడాది ఫిబ్రవరిలో మూడు వారాలు ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. అప్పుడు నా గది తలుపు తట్టింది దిగులు పడినవాళ్లతో మాట్లాడే కాలేజీ కౌన్సిలరు కాదు, పళ్లేలు కడిగే ఆ మిన్నెసోటా కుర్రవాడు. నా షిఫ్టు రెండుసార్లు తనే చేశాడట, మూడోసారి చేయనని చెప్పడానికి వచ్చాడు.

డబ్బు సంగతి హైదరాబాదులో కన్సల్టెన్సీ వాళ్లను అడగకండి. వాళ్లకు మాస్టర్స్ తప్ప మరో లోకం తెలియదు. పేరున్న చోట్ల ఫీజు, తిండి, గది కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది, ఆ అంకె చూసి గుండె ఆగనక్కరలేదు, చాలామంది అంత కట్టరు. ఆమ్‌హర్స్ట్ కాలేజీ లాంటి కొన్ని చోట్ల విదేశీ విద్యార్థికి కూడా డబ్బుందా లేదా అని చూడకుండానే సీటు ఇస్తారు. కెంటకీలో బెరియా కాలేజీ 1892 నుంచి ట్యూషన్ ఫీజే తీసుకోదు, బదులుగా ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు పని చేయాలి. మీ అమ్మాయికి సాయం ఎంత ఇస్తున్నారో ఉత్తరంలో చూడండి, అది నాలుగేళ్లకా, మొదటి ఏడాదికేనా అన్నది రెండుసార్లు చూడండి. ఉద్యోగం గురించి అడగలేదు గానీ అడగబోతున్నారని తెలుసు. నేను ఆర్థికశాస్త్రం తీసుకుని, ఇప్పుడు పంటల బీమా లెక్కలు చూస్తున్నాను. మొక్కజొన్న నన్ను వదల్లేదు.

పంపించండి. కాకపోతే ఒక్క విషయం ముందే కనుక్కోవాలి: డిసెంబరు సెలవుల్లో హాస్టళ్లు మూసేస్తారా, మూస్తే విదేశీ పిల్లలు ఆ మూడు నాలుగు వారాలు ఎక్కడ ఉండాలి, తిండి ఎవరు పెడతారు. నేను అడగకుండా వెళ్లి, మొదటి డిసెంబరు డాలస్‌లో మా అన్నయ్య సోఫా మీద, బ్రాంచి గురించిన ప్రశ్నల మధ్య గడిపాను. ఈ రోజే ఈమెయిలు పంపించండి. మీరు రాయకండి, అమ్మాయి చేతే రాయించండి.