ముందు రంగు తీసేసి చూడు, అల్లుడా

హనుమకొండ,
ఆదివారం సాయంత్రం

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు పంపిన అమ్మమ్మ టీవీ ఫొటో చూశాను. నీ కంటే ముందు అమ్మమ్మ ఫోన్ చేసింది. "అందరి మొకాలు పాకురు పట్టినట్టు కనవడుతున్నయి బిడ్డా" అంది. నువ్వు రాసిన పెద్ద మెసేజ్ కంటే ఆ ఒక్క మాటే నాకు ఎక్కువ చెప్పింది. మనిషి ముఖం పాకురు రంగులోకి వచ్చిందంటే ఎరుపు పోయినట్టే. ఎక్కడ పోయిందో పట్టుకోవడమే ఇప్పుడు నీ పని. మోకాళ్ల నొప్పులతో పరకాల దాకా నేను రాలేను. నువ్వు ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివావు కాబట్టి చెప్తే చెయ్యగలవు.

మీ నాన్న కొత్త ఎల్‌ఈడీ కొందామంటున్నాడట. కొననీ. కానీ ఈ 21 అంగుళాల పాత పిక్చర్ ట్యూబ్ టీవీ డబ్బాను ఇప్పుడే పాత సామానోడికి ఇవ్వకండి. ఎరుపు ఒక్కటే పోయిన సెట్లు నా బల్ల మీదికి వందల్లో వచ్చాయి. చాలావాటికి అయిన ఖర్చు చాయ్ పైసలే.

వెంటనే వెనక మూత విప్పకు. నీకు ఆ తొందర ఉందని తెలుసు. ముందు రిమోట్‌తో మెనూలోకి వెళ్లి 'కలర్' పూర్తిగా సున్నాకు తగ్గించు. నలుపు తెలుపు బొమ్మ వస్తుంది. ఏదో ఒక ఛానల్‌లో పాత నలుపు తెలుపు సినిమా వస్తుంటే ఇంకా మంచిది. రంగులు సరిచెయ్యడానికి దాన్ని మించిన టెస్ట్ ప్యాటర్న్ లేదు. హీరో పంచె తెల్లగా ఉండాలి, జుట్టు నల్లగా ఉండాలి, గోడ మీది నీడ బూడిద రంగులో ఉండాలి. ఎక్కడా ఏ రంగూ కలవకూడదు.

ఎందుకంటే ఆ తెలుపు ఎక్కడి నుంచో విడిగా రాదు. పిక్చర్ ట్యూబ్ మెడలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని తెర మీదికి ఎలక్ట్రాన్లను చిమ్మే మూడు గన్నులుంటాయి. మూడూ సమపాళ్లలో వెలిగితేనే తెలుపు. కలర్ తీసేశాక కూడా పంచె పాకురు రంగులోనే కనిపిస్తే తప్పు ట్యూబులోనో, ట్యూబు వెనకున్న చిన్న బోర్డులోనో ఉంది. నలుపు తెలుపు శుభ్రంగా ఉండి, కలర్ పెంచినప్పుడే తేడా వస్తే తప్పు ముందున్న డీకోడర్‌లో, అంటే సిగ్నల్ నుంచి రంగును విడదీసే భాగంలో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం టీవీని పక్కన పెట్టెయ్యొచ్చు. ఎరుపు పోతే తెల్లనిది ఆకుపచ్చ కలిసిన నీలంగా, ఆకుపచ్చ పోతే ముదురు గులాబీగా, నీలం పోతే పసుపుగా కనిపిస్తుంది. పేరుకుపోయిన రంగు వెనక పడకు, లేని రంగును వెతుకు. కొత్తగా పని నేర్చుకునేవాళ్లంతా ఆకుపచ్చ ఎక్కువైందని ఆకుపచ్చను తగ్గిస్తూ కూర్చుంటారు. నేనూ మొదట్లో అదే చేశాను.

తేడా తెరంతా ఉందా, ఒక మూలనే ఉందా అన్నది కూడా చూడు. ఒక మూలనే మచ్చలాగా ఉంటే అది అయస్కాంతం పని, బోర్డుల జోలికి పోవద్దు. కాజీపేటలో ఒకరింట్లో కుడివైపు కింది మూలన ఊదారంగు మచ్చ పడింది. అలాంటి మచ్చలు చెరిపే కాయిల్‌కు కరెంటు పంపే పోజిస్టర్ అనే చిన్న భాగం మార్చి, డబ్బులు తీసుకుని వచ్చాను. రెండు రోజులకు మళ్లీ కబురు. మళ్లీ వెళ్లి కాయిల్ కనెక్షన్లు చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. మూడోసారి వెళ్లినప్పుడు ఆ ఇంటామె చాయ్ ఇచ్చింది. గ్లాసు పెట్టుకోవడానికి చోటు కోసం పక్కకు చూస్తే, టీవీని ఆనుకుని గుడ్డ కప్పిన కొత్త స్పీకర్ డబ్బా కనిపించింది. దాన్ని రెండు మూరలు జరిపితే మచ్చ కూడా జరిగింది. పోజిస్టర్ డబ్బులు తిరిగి ఇచ్చేశాను. స్టెబిలైజర్, ఇన్వర్టర్ కూడా టీవీ పక్కన పెట్టకూడదు.

ట్యూబు చుట్టూ ఉండే డీగాసింగ్ కాయిల్‌కు పోజిస్టర్ ద్వారానే కరెంటు వెళ్తుంది. స్విచ్చి వెయ్యగానే 'ధమ్' అని వినిపించేది అదే. పోజిస్టర్ చల్లగా ఉన్నప్పుడు కాయిల్‌లోకి కరెంటు బాగా పోతుంది, అది వేడెక్కే కొద్దీ కరెంటు తగ్గిపోతుంది, దాంతో తెర వెనక జాలీకి పట్టిన అయస్కాంతం వదులుతుంది. అందుకే వెంటవెంటనే ఆన్, ఆఫ్ చేస్తే లాభం లేదు. మెయిన్ స్విచ్చి ఆపి అరగంట ఆగాలి. చాలా సెట్లలో రిమోట్‌తో ఆపితే సరిపోదు. 'ధమ్' వినపడకపోయినా, పోజిస్టర్‌ను విప్పి ఊపితే లోపల గలగలమన్నా మార్చెయ్.

మన టీవీలో తేడా తెరంతా ఉంది కాబట్టి విప్పాల్సిందే. ఇక్కడ కాస్త నెమ్మదిగా చదువు.

ప్లగ్గు పీకినంత మాత్రాన ఆ డబ్బా చచ్చిందనుకోకు. ట్యూబు మీద రబ్బరు టోపీ కింద 20 వేల వోల్టులకు పైనే ఉంటుంది, అది ఆపిన తర్వాత కూడా నిలిచి ఉండొచ్చు. కొత్తగా పనిలో ఉన్నప్పుడు ఒకసారి ఆ టోపీ తగిలింది. షాక్ కంటే చెయ్యి ఎగిరి వెనకున్న ఇనుప ర్యాకుకు కొట్టుకున్న దెబ్బే పెద్దది, మోచేతి మీద మచ్చ నువ్వు చిన్నప్పుడు చూసి అడిగేవాడివి, అదే. ట్యూబు వెనక నల్లపూత మీదుగా అల్లిన రాగి తీగ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌కు క్లిప్పు వైరు కట్టి, వైరు రెండో కొసను ముందుగా ఆ తీగకు తగిలించి, తర్వాత స్క్రూడ్రైవర్ మొనను టోపీ కిందికి జరుపు. చాసిస్ మీద ఇంకెక్కడా తగిలించకు. పవర్ సప్లైలో ఉన్న పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే నిలుస్తుంది, దాన్ని 100 వాట్ల బల్బుతో ఖాళీ చెయ్యి. టీవీ ఆన్‌లో పెట్టి కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి, కాళ్లకు చెప్పులుండాలి. పక్కన ఇంకో మనిషి ఉండాలి, అమ్మమ్మ ఉంటే చాలదు. ట్యూబు మెడను మాత్రం తట్టకు, వంచకు. అది విరిగితే ఇక మన చేతిలో ఏమీ ఉండదు.

మూత తీశాక ముందు బ్రష్షుతో దుమ్ము దులుపు. మెడ చివర సాకెట్టుతో బిగించి ఉండే చిన్న బోర్డును బేస్ అంటాం. టీవీ ఆన్ చేసి ప్లాస్టిక్ పుల్లతో బేస్‌ను అక్కడక్కడ మెల్లగా నొక్కు. ఎరుపు ఒక్క క్షణం వచ్చి పోయిందంటే అది డ్రై సోల్డర్, అంటే పట్టు వదిలిన టాకా. ప్లగ్గు పీకి, బేస్ విప్పి, వెనకవైపు మంచి వెలుతుర్లో పట్టుకుని చూడు. బాగున్న టాకా మెరుస్తూ, కాలు చుట్టూ చిన్న గుట్టలా ఉంటుంది. చెడిన టాకాలో కాలు చుట్టూ తల వెంట్రుక మందాన నల్లని గీత గుండ్రంగా కనిపిస్తుంది. నేరుగా చూస్తే కనపడదు, బోర్డును ఏటవాలుగా తిప్పితే గీత తేలుతుంది. నేను మీ అత్త సూదిలో దారం ఎక్కించే భూతద్దం వాడేవాణ్ని. అలాంటివి వేడెక్కే రెసిస్టర్ల కాళ్ల దగ్గర, సాకెట్టు కాళ్ల దగ్గర ఎక్కువ. పాత లెడ్ పీల్చేసి కొత్తది వెయ్యి. ఒకటి దొరికింది కదా అని ఆపకు, బేస్ మొత్తం టాకాలు కొట్టెయ్.

దాంతో పోకపోతే మల్టీమీటర్ తీసుకో. డీసీ వెయ్యి వోల్టుల రేంజ్‌లో పెట్టి, నల్ల వైరు ఆ అల్లిన తీగకు తగిలించి, మూడు కాథోడ్లు, అంటే గన్నుల్లో ఎలక్ట్రాన్లు బయల్దేరే కొసలు, కొలువు. బోర్డు మీద కేఆర్, కేజీ, కేబీ అని రాసి ఉంటాయి. మంచి సెట్టులో మూడూ ఇంచుమించు ఒకటే ఉంటాయి, సాధారణంగా వంద నుంచి నూట యాభై మధ్య. అంకె కంటే మూడింటి మధ్య తేడా ముఖ్యం. అదే బేస్ మీదికి లావు ఫోకస్ వైరు కూడా వస్తుంది, అందులో వేల వోల్టులుంటాయి, మీటర్ మొన అటువైపు జారకుండా చూసుకో.

ఎరుపు కాథోడ్ మిగతా రెంటికంటే బాగా ఎక్కి, సప్లై దగ్గరికి, అంటే 180, 200 దాకా పోయి ఉంటే దాన్ని నడిపే డ్రైవర్ ట్రాన్సిస్టర్ పని చెయ్యడం లేదు, లేదా ఆ ట్రాన్సిస్టర్ ఇన్‌పుట్ కాలుకు ముందునుంచి సిగ్నల్ రావడం లేదు. ట్రాన్సిస్టర్ విప్పి కొలువు, పక్కనున్న ఆకుపచ్చ ట్రాన్సిస్టర్‌తో పోల్చుకో. బీఎఫ్ 422 లాంటివైతే నా డబ్బాలో ఇంకా ఉన్నాయి. అసలు ఓల్టేజీ బాగా పడిపోతే ఎరుపు పోదు, తెరంతా ఎర్రగా మండిపోయి అడ్డంగా సన్నని గీతలు పడతాయి. అప్పుడు 10, 15 కిలో ఓమ్‌ల లోడ్ రెసిస్టర్ ఓపెన్ అయిందేమో, ట్రాన్సిస్టర్ షార్ట్ అయిందేమో చూడాలి.

మూడు ఓల్టేజీలూ సమంగానే ఉండి ఎరుపు మాత్రం లేకపోతే నాకు భయం వేస్తుంది. అప్పుడు ఒక పని చెయ్యి. ట్రాన్సిస్టర్ల నుంచి కాథోడ్లకు వెళ్లే రెసిస్టర్లను ఒక కొస లేపి, ఎరుపు డ్రైవ్‌ను ఆకుపచ్చ కాథోడ్‌కు, ఆకుపచ్చ డ్రైవ్‌ను ఎరుపు కాథోడ్‌కు మార్చి చూడు. రంగులు తలకిందులవుతాయి, పట్టించుకోకు. ఎరుపు బాగా వెలిగి ఆకుపచ్చ పోతే తప్పు బోర్డులో ఉంది, సంతోషించు. ఇంకా ఎరుపే లేదంటే సాకెట్టు కాలు పట్టుకోవడం లేదేమో చూసుకో, అది కూడా కాకపోతే ట్యూబులో ఆ గన్ను అయిపోయింది.

గన్ను పోతోందని ముందే తెలుస్తుంది. ఆన్ చేసిన పది నిమిషాల దాకా ముఖాలు పాకురుగా ఉండి, తర్వాత మెల్లగా మనుషుల రంగులోకి వస్తాయి. అమ్మమ్మను అడుగు, ఈ మధ్య అలా జరిగిందేమో. కాథోడ్‌ను వేడిచేసే ఫిలమెంట్‌కు 6.3 వోల్టుల కంటే ఎక్కువిచ్చి బూస్ట్ చేసేవాళ్లున్నారు. నేనూ చేశాను. కొన్ని ట్యూబులు కొన్ని నెలలు బాగా నడిచాయి, కొన్ని అక్కడికక్కడే పోయాయి. అమ్మమ్మ టీవీ మీద నువ్వు ఆ ప్రయోగం చెయ్యకు. గన్ను పోయిందని తేలితే మీ నాన్న మాటే వినండి.

డీకోడర్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, ఇప్పుడు నీకు అవసరం లేదు కానీ ఊళ్లో ఎవరైనా అడుగుతారు. మన దేశానికి 1982లో కలర్ వచ్చినప్పటి నుంచి రంగు పంపడానికి మనది పాల్ అనే పద్ధతి, రంగు 4.43 మెగాహెర్ట్జ్ మీద వస్తుంది. అసలు రంగే లేకుండా నలుపు తెలుపు వస్తే ముందు సెట్‌టాప్ బాక్స్ సెట్టింగు ఎన్టీఎస్సీ అనే అమెరికా పద్ధతిలోకి మారిందేమో, టీవీ సిస్టమ్ మెనూ ఆటోలో ఉందో లేదో చూడాలి. పసుపు వైరు పొరపాటున ఆకుపచ్చ సాకెట్టులో గుచ్చినా రంగు రాదు, పండగలకు ఇల్లు సర్దాక నాకు వచ్చే ఫోన్లలో సగం అవే. అవన్నీ సరిగ్గా ఉంటే 4.43 క్రిస్టల్ మార్చి చూడాలి. సిగ్నల్ బలహీనమైతే టీవీయే రంగును ఆపేస్తుంది. కాబట్టి రంగు లేకపోవడం ప్రతిసారీ చెడిపోవడం కాదు.

ఎరుపు తిరిగొచ్చాక వెంటనే మూత బిగించకు. అరగంట నడవనీ. మళ్లీ కలర్ సున్నా చేసి, లైటు ఆపి, చీకటి సీను, వెలుతురు సీను రెండూ చూడు. నీడల్లో ఏదైనా రంగు ఉంటే బేస్ మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న కట్‌ఆఫ్ ప్రీసెట్లు, తెల్లటి చోట ఉంటే డ్రైవ్ ప్రీసెట్లు కొంచెం కొంచెం తిప్పాలి. తిప్పే ముందు ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకో, ఫోన్లో ఫొటో తీసుకో. కొన్ని సెట్లలో ప్రీసెట్లు ఉండవు, సర్వీస్ మెనూలో ఉంటాయి. అలా అయితే నాకు ఫోన్ చెయ్యి. మెడ మీద పెయింట్‌తో అతికించిన రింగులను మాత్రం ముట్టుకోకు, వాటిని ఒకసారి కదిపితే మూడు రంగులు మళ్లీ ఒకచోట కలిపేసరికి నాకే ఒక పూట పట్టేది.

ట్రాన్సిస్టర్లు, లెడ్ రీలు మీ అత్త కవర్లో కట్టి పెట్టింది. శనివారం పరకాల వెళ్లే ముందు ఇటు వచ్చి తీసుకుపో. అమ్మమ్మ సీరియల్ రాత్రి ఏడున్నరకు మొదలవుతుంది. ఆరు దాటాక స్క్రూడ్రైవర్ పట్టుకోకు, ఆమె వెనక నిలబడి అయిందా అయిందా అని అడుగుతుంటే టెన్షన్‌లో చెయ్యి తప్పుతుంది. పొద్దున్నే మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ మామ