చెవి ఇన్‌ఫెక్షన్‌తో తల వాలిపోయిన కుక్క మళ్ళీ నడుస్తుందా?

మందులు మొదలెట్టి నాలుగు రోజులైనా మీ కుక్క తల ఒక పక్కకే వాలిపోయి ఉంది, తూలి పడిపోతోంది, తిండి ముట్టట్లేదు, ఇక కోలుకోదేమో అని అడిగారు కదా. మా బ్రౌనీకి అచ్చం ఇలాగే అయిందండి. ఇప్పుడు పరిగెడుతోంది. నాలుగు రోజులకే ఆశ వదిలేసుకోకండి, దీనికి వారాలు పడుతుంది.

దానికి మొదట కుడి చెవి గోక్కోవడం, పుల్లటి వాసన, అంతే. డ్రాప్స్ వేస్తే పది రోజుల్లో చెవి శుభ్రంగా కనిపించింది, నేనే ఆపేశా, మళ్ళీ చూపించమన్నా తీసుకెళ్ళలేదు. ఆ తప్పు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. కుక్క చెవి కాలువ ముందు కిందకి దిగి తర్వాత లోపలికి మలుపు తిరుగుతుంది, మనకి కనిపించేది పైభాగమే, ఆ మలుపు అవతల మిగిలిపోయిన ఇన్‌ఫెక్షన్ నెల తిరక్కుండా కర్ణభేరి దాటి, ఒంటి బ్యాలెన్స్ చూసుకునే లోపలి చెవి దాకా పోయింది. ఒకరోజు పొద్దున్నే చూస్తే తల వాల్చేసి ఉంది, కళ్ళు అటూ ఇటూ టకటకా కొట్టుకుంటున్నాయి, లేవబోయి కుడి పక్కకే పడిపోతోంది. పక్షవాతం అనుకున్నా.

ఈసారి డాక్టర్ గారు చీము స్వాబ్ తీసి మైక్రోస్కోప్ కింద చూసి, ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో తెలియడానికి కల్చర్‌కి కూడా పంపారు. మీ కుక్కకి ఈ టెస్ట్ చేయకపోతే అడగండి. పాత డ్రాప్స్ మాత్రం మీ అంతట మీరు వేయొద్దు, కర్ణభేరి చిల్లు పడి ఉంటే కొన్ని మందులు లోపలికి దిగి వినికిడే పోవచ్చు. ఇయర్ బడ్స్, హైడ్రోజన్ పెరాక్సైడ్ అసలొద్దు.

తినట్లేదంటే అది మొండితనం కాదు, ఓడలో ఉన్నట్టు లోకమంతా తిరుగుతూ కడుపులో తిప్పుతుంది. వాంతి తగ్గే మందు రాయించుకున్నాకే మాది నోరు తెరిచింది. నేను నేల మీద కూర్చుని ఎడమ చెయ్యి దాని గడ్డం కింద పెట్టి తల కదలకుండా ఆపి, కుడి అరచేతిలో మెత్తటి ముద్ద రెండేసి వేళ్ళంత పెట్టేదాన్ని, మొదటిరోజు నాలుగు ముద్దలు నాకింది అంతే, అదే నాకు పండగ. నీళ్ళూ అలాగే, గిన్నె మూతి దగ్గరికి ఎత్తి పట్టుకుని. నున్నటి నేల మీద కాళ్ళు జారితే బాగా బెదిరిపోయేది, అందుకని యోగా మ్యాట్లు పరిచేసి, బయటికి తీసుకెళ్ళేటప్పుడు పొట్ట కింద టవల్ వేసి రెండు కొసలూ పట్టుకుని నడిపించా. ఇన్‌ఫెక్షన్ వైపు కన్ను మూస్తోందో లేదో కూడా చూడండి. మాది మూయలేకపోయేది, కన్ను ఎండిపోకుండా రోజంతా చుక్కలు వేయాల్సొచ్చింది.

కళ్ళు కొట్టుకోవడం వారంలోపే ఆగింది. మూడో వారంలో నేను తలుపు తీస్తే హాలు ఆ చివర్నుంచి తూలుతూనే, కానీ పడకుండా నా దాకా వచ్చింది. ట్యాబ్లెట్లు మొత్తం ఎనిమిది వారాలు వేశాం, డాక్టర్ గారు మళ్ళీ స్వాబ్ చూసి చాలన్నాకే ఆపాం. తల ఇప్పటికీ కొంచెం వంకరే, దానికేం పట్టింపు లేదు.

మీది నీళ్ళు కూడా తాగకపోతే మాత్రం రేపటిదాకా ఆగకండి, ఇవాళే తీసుకెళ్ళి సెలైన్ పెట్టించండి. తాగుతుంటే ఈ రాత్రి గిన్నె పక్కన పెట్టేసి చేత్తో తినిపించి చూడండి, ఎంత తిందో ఇక్కడ రాయండి, నేను చూస్తుంటా.