ఆఫీసు కరెంటు, మన కాయిన్లు: పాఠకుల కంప్యూటర్ ప్రశ్నలకి జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒకటే గోల, బిట్‌కాయిన్. పోయిన నెల ప్రింటర్ తిప్పల గురించి అంత కష్టపడి రాస్తే ఒక్కళ్ళూ పలకలేదు, ఇప్పుడేమో దీని మీదే నాలుగు. మొదటి ఉత్తరానికే జాగా ఎక్కువ పోయింది, మిగతావాళ్ళు ఏమనుకోబాకండి.

ప్రశ్న: అన్నా నమస్తే. నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీలో సిస్టమ్స్ చూసుకుంటుండా, జీతం 22 వేలు. రెండు నెలల కింద సెకండ్‌హ్యాండ్‌లో యాంట్‌మైనర్ ఎస్9 (బిట్‌కాయిన్ తవ్వే మెషిన్) ఒకటి 9 వేలకి దొరికితే కొని, సర్వర్ రూమ్‌లో ర్యాక్ వెనకాల పెట్టా. ఆడ ఏసీ 24 గంటలూ తిరుగుతానే ఉంటది, యూపీఎస్ ఉండాది, నెట్ రాత్రంతా ఖాళీ, ఇంక ఎవురికి నష్టం అనుకున్నా. మొన్న అకౌంటెంట్ సార్ కరెంటు బిల్లు పట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి పోయాడంట, ఏసీ మెకానిక్ కూడా రెండోసారి వచ్చి గ్యాస్ పట్టి పోయాడు. అప్పట్నించీ నాకు నిద్ర లేదు. నేను పిల్లకాయల మార్కులు గానీ ఫీజు డేటా గానీ ఏదీ ముట్టుకోలేదన్నా. కాయిన్లు తవ్వటం మన దేశంలో నేరం కాదంట గదా? ఉంచాలా తీసేయాలా? — పేరు వద్దు, నెల్లూరు

జవాబు: తీసేయ్ అబ్బయ్యా. ముందు పోయి స్విచ్ ఆపి ప్లగ్ పీకేసి రా, మిగతాది వచ్చినాక చదువుకో.

పీకావా? సరే, ఇప్పుడు లెక్క చూద్దాం, ఎందుకంటే నువ్వు రెండు నెలలు చేసినా ఈ లెక్క వేసుకున్నట్టు లేదు. ఎస్9 సుమారు 1350 వాట్లు తాగుద్ది. రోజుకి 32 యూనిట్ల పైన, నెలకి 970 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 7,760 రూపాయలు. ఇంక ఆదాయం. బిట్‌కాయిన్‌లో తవ్వటమంటే మెషిన్లన్నీ ఒక లెక్క కోసం పోటీ పడటం, గెలిచినోడికి కొత్త కాయిన్లు. సుమారు పది నిమిషాలకొక బ్లాక్ (లావాదేవీల కట్ట) పడుద్ది, 2009లో మొదలైనప్పుడు బ్లాక్‌కి 50 కాయిన్లు ఇచ్చేవాళ్ళు, నాలుగేళ్ళకోసారి సగం అవతా అవతా 2024 ఏప్రిల్ నుంచి 3.125కి దిగింది. అంటే ప్రపంచం మొత్తానికీ కలిపి రోజుకి 450 కాయిన్లు. ఆ 450 కోసం తవ్వే మెషిన్ల బలం (సెకనుకి ఎన్ని లెక్కలు వేస్తాయనేది) 2025లో వెయ్యి ఎక్సాహాష్‌లు దాటిపోయింది, ఒక ఎక్సాహాష్ అంటే పది లక్షల టెరాహాష్‌లు, నీ పెట్టె బలం 13.5 టెరాహాష్‌లు, అంటే ఆ మొత్తంలో ఏడు కోట్ల నలభై లక్షల వంతు. పూల్‌లో (నలుగురు కలిసి తవ్వి పంచుకునే గుంపులో) చేరకుండా ఒక్కడివే తవ్వుకుంటే సగటున 1400 ఏళ్ళకి ఒక బ్లాక్ నీకు తగులుద్ది. 1400 ఏళ్ళంటే ఊరికే కాదు, ఇంచుమించు కలమళ్ళలో రేనాటి చోళులు తెలుగులో శాసనం చెక్కించిన కాలం, అప్పుడు ఆన్ చేసి ఉంటే ఈపాటికి ఒకటి పడుండేదేమో.

పూల్‌లో చేరావు కాబట్టి నెలకి 0.00018 కాయిన్ వస్తది. కాయిన్ కోటి రూపాయలు ఉందనే అనుకుందాం, చేతికి ఎముక లేకుండా వేద్దాం, 1,800 రూపాయలు. పూల్ వాడి కమీషన్ అందులోనే. అంటే ఈ రెండు నెలల్లో నువ్వు 3,600 సంపాయించటానికి కాలేజీ చేత 15,500 కట్టించావు, నీ 9 వేలూ ఇంకా తిరిగి రాలేదు. ఆ 3,600 లోంచీ 30 శాతం టాక్స్, 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద అంతే, కరెంటు ఖర్చు తీసేస్తామంటే కుదరదని పార్లమెంటులోనే చెప్పారు. నీకు మెషిన్ అమ్మినోడు ఎందుకు అమ్మాడో ఇప్పుడన్నా అర్థమయిందా, వాడు వాళ్ళింటి మీటరుకి తగిలించుంటాడు.

‘ఎవురికి నష్టం’ అన్నావు చూడు, నాకు కోపం వచ్చింది ఆడనే. ఈ యాపారంలో లాభం అనేది ఉంటే అది కరెంటు బిల్లు ఇంకొకరు కట్టబట్టే, వేరే ఏ తెలివితేటలూ లేవు ఇందులో. మీ ఇంట్లో పెట్టుకోమంటే పెట్టుకుంటావా? మీ నాయన మొదటి బిల్లుకే దాన్ని ఎత్తి పెన్నలో పారేస్తాడు.

బిల్లు ఒక్కటే కూడా కాదు. ఆ 1350 వాట్లూ చివరికి వేడి కిందే మారతాయి, బయటికి పోయే దారి లేదు. ఒక టన్ను ఏసీ లాగే వేడి 3500 వాట్లు, అంటే నీ పెట్టె ఒక్కటే ఏసీలో మూడో వంతు పైన తినేసింది. పాపం మెకానిక్ గ్యాస్ తగ్గిందనుకుని రెండుసార్లు పట్టాడు, గ్యాస్ తగ్గితే గదా. రోహిణి కార్తెలో మన నెల్లూరు ఎండకి మామూలుగానే సర్వర్ రూములు ఉడుకుతుంటాయి. అదీగాక యూపీఎస్ మీద ఈ లోడు వేస్తే బ్యాటరీ తొందరగా దిగిపోద్ది, ఆన్‌లైన్ పరీక్ష నడిచేటప్పుడు కరెంటు పోయి బ్యాకప్ చాలలేదనుకో, ఆ పిల్లకాయలకి ఏం చెప్తావు?

ప్లగ్గు సంగతి కూడా చెప్పాలి. కొన్నేళ్ళ కింద ఈ ఊళ్ళోనే ఒక ఆఫీసులో, పేరెందుకులే, నెట్ ఆగిపోతా ఉండాదని పిలిస్తే పోయా. తలుపు తీయంగానే కాలిన ప్లాస్టిక్ వాసన. వెతికితే అట్టపెట్టెల వెనకాల ఇట్టాంటిదే ఒకటి మిక్సీ తిరిగినట్టు మోగుతుండాది, దాన్ని తగిలించింది 5 ఆంప్స్ ఎక్స్‌టెన్షన్ బోర్డుకి. 1350 వాట్లంటే ఆరు ఆంప్స్ దాకా, అదీ రాత్రీ పగలూ ఆపకుండా. ప్లగ్గు కరిగి బోర్డుకి అతుక్కుపోయుండాది, పీకితే రాలా, మెయిన్ ఆపి కత్తిరించాం. పక్కనే ఫైళ్ళ బీరువా. ఆ పెట్టె పెట్టినోడు మంచోడే, పెళ్ళి ఖర్చులకని పెట్టాడంట. ఇంకో రెండు రోజులు పోతే ఏమయ్యేదో వాడికీ తెలుసు, ఆ రోజు మొహంలో నెత్తురు చుక్క లేదు.

డేటా ముట్టుకోలేదన్నావు. నువ్వు ముట్టుకోలేదు సరే, ఆ పెట్టె సంగతి నీకు తెలుసా? అదొక చిన్న లైనక్స్ కంప్యూటర్. లోపలికి పోయే పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడు రూట్, రూట్ అనే ఉంటది, చాలామంది మార్చరు, నువ్వు మార్చావా? సెకండ్‌హ్యాండ్‌లో వచ్చిన మెషిన్‌లో ముందరోడు ఏ ఫర్మ్‌వేర్ (మెషిన్‌ని నడిపే లోపలి ప్రోగ్రాం) ఎక్కించాడో ఎవురికి తెలుసు. అసలు కొత్త మెషిన్లలోనే 2017లో యాంట్‌బ్లీడ్ అని ఒక గొడవ బయటపడింది, కంపెనీ ఫర్మ్‌వేర్ తయారీదారు సర్వర్‌కి ఫోన్ కొట్టినట్టు కబురు పంపతా ఉండేది, ఆడ నుంచి మెషిన్‌ని ఆపేసే వీలు కూడా పెట్టారు. అట్టాంటి దాన్ని తెచ్చి ఫీజుల సర్వరు, బయోమెట్రిక్, సీసీ కెమెరాలు ఉన్న నెట్‌వర్క్‌లోనే తగిలించావు. కాలేజీ వాళ్ళు నీ చేతికి తాళాలిచ్చింది దొంగల్ని రాకుండా చూడమని గదా నాయనా.

నెట్ ఖాళీగా ఉంది కాబట్టి ఎవురికీ కనపడదనుకోబాక. మైనర్ వాడే డేటా చాలా తక్కువ నిజమే, నెట్ స్లో అవ్వదు. అయితే అది పూల్ సర్వర్‌కి ఒకటే కనెక్షన్ పెట్టుకుని దాన్ని రోజుల తరబడి వదలదు, మనుషులెవ్వరూ నెట్ అట్టా వాడరు. స్ట్రాటమ్ అనే పద్ధతిలో మాట్లాడుద్ది, ఎక్కువ పూల్స్‌లో 3333 లాంటి పోర్టులు, చాలాచోట్ల ఎన్‌క్రిప్షన్ కూడా ఉండదు. మంచి ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కి కాపలా కాసేది) ఉంటే లాగ్‌లో, అంటే దాని రికార్డులో, పూల్ పేరుతో సహా పడుద్ది. పెద్దపెద్దోళ్ళకే తప్పలేదు, రష్యాలో సరోవ్ అని అణుబాంబుల కేంద్రం ఉంది, ఆడ ఇంజనీర్లు సూపర్ కంప్యూటర్ మీద తవ్వుదామని దాన్ని ఇంటర్నెట్‌కి కలపబోతే సెక్యూరిటీ వాళ్ళకి తెలిసిపోయి 2018 ఫిబ్రవరిలో అరెస్టయ్యారు. మీ కాలేజీలో ఫైర్‌వాల్ చూసేది నువ్వే కాబట్టి ఇన్నాళ్ళు గడిచింది, కరెంటు మీటర్ని చూసేది మాత్రం నువ్వు కాదు.

చట్టం. తవ్వటం నేరం కాదన్నమాట నిజమే, క్రిప్టో మీద రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి పెట్టిన ఆంక్షని కూడా 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. నీ సమస్య కాయిన్ కాదు, అనుమతి. ఓనరు అనుమతి లేకుండా వాళ్ళ నెట్‌వర్క్‌ని వాడుకుంటే ఐటీ చట్టంలో 43, 66 సెక్షన్లు ఉండాయి, మోసబుద్ధితో చేశావని తేలితే మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అంతదాకా పోతుందని నేననటం లేదు, చిన్న కాలేజీలు స్టేషన్‌కి పోవటానికి ఇష్టపడవు, ఉద్యోగం మాత్రం పోద్ది.

ఏం చెయ్యాలంటే, లాగ్‌లు చెరపబాక. ఇది గట్టిగా చెప్తుండా. ఇప్పటిదాకా చేసింది ఆశ, చెరిపితే అది మోసం అవుద్ది. వాళ్ళు కనుక్కోకముందే నువ్వే పోయి ప్రిన్సిపాల్‌కి చెప్పు, తిట్టించుకో, రెండు నెలల కరెంటు లెక్క నువ్వే కాగితం మీద వేసి ఇచ్చి జీతంలో పట్టుకోమను. సర్వర్ల పాస్‌వర్డులన్నీ మార్చు, ఆ పెట్టె ఉన్న నెట్‌వర్క్‌లో మిగతా సిస్టమ్స్ అన్నీ స్కాన్ చెయ్. చెప్పినాక కూడా ఉద్యోగం పోవచ్చు, పోదని మాటివ్వలేను. అయినా అకౌంటెంట్ వచ్చి ర్యాక్ వెనక్కి తొంగిచూసేదాకా ఆగటం కంటే ఇదే నయం. ధనం రొట్టె కావాలంటే రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు ఉండనే ఉండాది, సర్వర్ రూమ్ ఎందుకు?

ప్రశ్న: సార్, చీమకుర్తి దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లింగ్ చేస్తాను. నెల రోజుల నుంచి నా సిస్టమ్ ఫ్యాన్ ఒకటే మోత, టాలీ తెరవటానికే ఐదు నిమిషాలు. టాస్క్ మేనేజర్ తెరిస్తే మోత ఆగిపోతుంది, మూస్తే మళ్ళీ మొదలు. మైనింగ్ అయ్యుండొచ్చు అని మా తమ్ముడంటున్నాడు. నేనే చేస్తున్నానని మా ఓనరు అనుకుంటే? — ఒక సోదరి, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, మీ తమ్ముడు చెప్పింది నిజమయ్యేలానే ఉంది. టాస్క్ మేనేజర్ తెరవగానే దాక్కోవటం ఈ రకం దొంగ ప్రోగ్రాముల అలవాటే. మీ మామూలు ప్రాసెసర్‌తో బిట్‌కాయిన్ తవ్వితే ఏమీ రాదు, అందుకని వీళ్ళు మొనెరో అనే కాయిన్ తవ్వుతారు, అది మామూలు ప్రాసెసర్లతోనే తవ్వేటట్టు తయారుచేసింది, ఎక్స్‌ఎమ్‌రిగ్ అని ఒక ప్రోగ్రాం ఎక్కువగా కనిపిస్తుంది. మీ ఒక్క సిస్టమ్‌తో వాడికి వచ్చేది చిల్లరే, ఇట్టాంటివి వేలల్లో పెడతారు కాబట్టి గిట్టుబాటు. ముందు బ్రౌజర్ మూసి చూడండి, ఫ్యాన్ నిమ్మళిస్తే ఏదో వెబ్‌సైట్ పని, 2017 నుంచి 2019 దాకా కాయిన్‌హైవ్ అని దీనికే ఒక సర్వీసు నడిచింది. బ్రౌజర్ మూసినా మోత ఆగకపోతే లోపలే ఉంది.

ఒక మాట అడుగుతాను ఏమనుకోకండి, ఆ సిస్టమ్‌లో విండోస్ గానీ టాలీ గానీ ‘క్రాక్’ వేసిందా? తొంభై మందిలో ఎనభై మంది ఈ ప్రశ్నకి నవ్వి ఊరుకుంటారు. ఆ క్రాక్ వెంటే ఇది వస్తుంది. నెట్ కేబుల్ పీకేసి, టాలీ డేటా ఫోల్డర్ ఒక్కటి బ్యాకప్ తీసి, హార్డ్‌డిస్క్ ఫార్మాట్ చేయించి అసలు విండోస్ వేయించండి, యాంటీవైరస్‌తో తుడిచేశాం చాలనుకోవద్దు. ఓనరుకి మీరే ముందు చెప్పండి, ఏ రోజు నుంచి ఇట్టా ఉందో కాగితం మీద రాసిస్తే ఇంకా మంచిది. క్రాక్ వేయించింది ఆయనే అయితే ఆయనేమీ అనలేడు.

ప్రశ్న: అల్లూరు దగ్గర మాకు రొయ్యల గుంటలుండాయి. ఆక్వా కరెంటు యూనిట్ రూపాయిన్నరే. మోటారు షెడ్డులో నాలుగు మైనర్లు పెడితే లాభమే గదా, కరెంటు మాదే, బిల్లు మేమే కడతాం. — రొయ్యల రైతు

జవాబు: పైన అబ్బాయి లెక్కే మీకూ వేస్తా రెడ్డిగారూ (రెడ్డిగారో కాదో తెలియదు, అల్లూరు అంటే నోటికొచ్చింది). ఒక్కో ఎస్9కి నెలకి 970 యూనిట్లు, రూపాయిన్నర లెక్కన 1,455. వచ్చేది 1,800, అదీ కాయిన్ కోటి ఉంటేనే. మెషిన్‌కి నెలకి 345 మిగిలింది, టాక్స్ ముందు. ఉప్పుగాలికి బోర్డులు తుప్పు పట్టేదాకా అదే లాభం.

ఆ రూపాయిన్నర కూడా ప్రభుత్వం గుంటలకి ఇచ్చింది, మోటార్లకీ ఏరేటర్లకీ. వేరే పనికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద ఎస్పీడీసీఎల్ వాళ్ళు వాడకానికి మామూలు రేటుకి రెండింతలు వేస్తారు, ఎప్పటినుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలకి లెక్కకడతారు. ఇంకో సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే టైముకి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆ లోడు కూడా పడి ఏరేటర్ ఆగిందంటే పంట మొత్తం తెల్లారి గట్టు మీదుంటది.

ప్రశ్న: బీటెక్ మూడో సంవత్సరం, కావలి. పాత గ్రాఫిక్స్ కార్డు ఉంది, ఎథీరియం తవ్వుకోవచ్చా?

జవాబు: 2022 సెప్టెంబరు 15 నుంచి ఎథీరియంలో తవ్వకమే లేదు, పద్ధతి మార్చేశారు. గేములు ఆడుకో, హాస్టల్ కరెంటుతో అయినా సరే, వార్డెన్ ఒప్పుకుంటే.