టెక్ సందేహాలు: వెయ్యి టోన్లలో దొరకని ఆ వణుకు

ప్రశ్న: నా కీబోర్డులో వెయ్యికి పైగా టోన్లున్నాయి. 1970ల నాటి పాత స్ట్రింగ్స్ నాదం మాత్రం రావడం లేదు. ఆ పేరుతో ఉన్న టోన్ వాయిస్తే ప్రాణం లేనట్టుంది. సోలినా లాంటి పాత యంత్రం కొనాలా? ఒక మిత్రుడు ఆ నాదాన్ని కంప్యూటర్‌లో పలికించే ప్లగిన్ పంపాడు, అదీ క్రాక్ చేసినది (డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం విరిచినది). ఇన్‌స్టాల్ చేయాలంటే యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపవచ్చా?

జవాబు: ఆపవద్దు. మిగతా సంగతి తర్వాత చూద్దాం. ఒకసారి ఫొటో ఎడిటర్ పేరుతో, ఒకసారి ఆట పేరుతో, ఇప్పుడు వాద్యం పేరుతో నాకు వస్తున్నది ఇదే ప్రశ్న. కాపలా కుక్కను కట్టేస్తేనే లోపలికి వస్తానన్న చుట్టాన్ని ఎవరైనా నమ్ముతారా? క్రాక్‌లను యాంటీవైరస్ ఊరికే అనుమానిస్తుందని మీ మిత్రుడు అనవచ్చు. అప్పుడప్పుడూ అది నిజమే, దొంగలకు కావలసిన సాకు కూడా అదే. ఇలాంటి ఫైళ్లలో దాగి వచ్చే ప్రోగ్రాములు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులతో పాటు లాగిన్ కుకీలనూ (మీరు లాగిన్ అయి ఉన్నారని సైట్లకు చెప్పే గుర్తులు) ఎత్తుకుపోతాయి. కుకీ చేతికి చిక్కితే చాలా ఖాతాల్లోకి పాస్‌వర్డు, ఓటీపీ రెండూ లేకుండానే దూరవచ్చు. ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు నెట్ తీసేయండి. వేరే పరికరం నుంచి పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి. ఆ కంప్యూటర్‌లో విండోస్ మళ్లీ కొత్తగా వేయించండి. ప్లగిన్ ఒక్కటీ తొలగించి ఊరుకుంటే చాలదు.

ఇక నాదం సంగతి. 1974లో వచ్చిన సోలినాను నెదర్లాండ్స్‌కు చెందిన ఎమినెంట్ అనే ఆర్గన్ల సంస్థ తయారు చేసింది. దాని 49 కీలూ ఒకేసారి నొక్కినా అన్నీ మోగుతాయి. 1978 నాటి ప్రాఫెట్-5 అనే సింథసైజర్‌లో ఆరో కీ నొక్కితే మోగుతున్న అయిదింటిలో ఒకటి ఆగిపోవలసిందే. అయితే ప్రాఫెట్‌లో ఒక్కో స్వరానికీ శబ్దాన్ని పుట్టించే సొంత ఆసిలేటర్లు, దాన్ని మలిచే సొంత ఫిల్టర్ ఉంటాయి. సోలినా లాంటి స్ట్రింగ్ యంత్రానికి అంత సంపద లేదు. పై ఆక్టేవు (స్థాయి)లోని 12 స్వరాలను పుట్టించి, వాటి కంపనాల వేగాన్నే సగానికి సగం చేస్తూ కింది ఆక్టేవులను రాబడుతుంది. అందుకే ఒకే పేరున్న స్వరాలన్నీ అచ్చు కలిసిపోయి, కాలింగ్ బెల్‌లా చప్పగా ఉంటాయి.

ఆ చప్పదనాన్ని కప్పడానికి పెట్టిన సర్క్యూటే ఎన్‌సెంబుల్. అది శబ్దాన్ని మూడు పాయలుగా చీల్చి, ఒక్కోదాన్ని బకెట్ బ్రిగేడ్ చిప్పుల గుండా కొంచెం ఆలస్యంగా పంపి, ఆ ఆలస్యాన్ని ఎడతెగకుండా ఊగిస్తుంది. మీరు వెతుకుతున్న వణుకు ఇదే. మంటలార్పేవాళ్లు వరుసగా నిలబడి చేతులు మార్చే బకెట్లలాగే ఆ చిప్పుల్లో విద్యుదావేశం గడి నుంచి గడికి మారుతుంది. పేదరికాన్ని దాచడానికి వేసిన ఆ సరిగంచునే మనం యాభై ఏళ్లుగా మెచ్చుకుంటున్నాం. నా మటుకు పాటలో గమకం కావాలంటే ప్రాఫెట్ లాంటి సింథసైజరే తీసుకుంటాను. నిదానంగా పరుచుకునే తీగవాద్యాల నాదం కావాలంటే స్ట్రింగ్ యంత్రానికి సాటి లేదు.

మీ కీబోర్డు తప్పల్లా ఇక్కడే ఉంది. అందులోని టోన్ రికార్డింగ్ అయితే వణుకు స్వరంలోనే గడ్డకట్టి ఉంటుంది. ఒక రికార్డింగునే పక్క కీలకు సాగదీస్తే, పైకి వెళ్లే కొద్దీ ఆ వణుకు వేగం పెరుగుతుంది. అసలు యంత్రంలో కీలన్నీ కలిసి ఒకే ఊపులో పడతాయి. కాబట్టి ఎఫెక్టులేవీ లేని సాదా స్ట్రింగ్స్ టోన్ ఎంచుకుని, మొత్తం మీద ఒకే ఎన్‌సెంబుల్ లేదా కోరస్ (పలువురు కలిసి వాయించినట్టు వినిపించే ఎఫెక్టు) వేయండి. పైన నెమ్మదిగా తిరిగే ఫేజర్ (నాదాన్ని సుడి తిరుగుతున్నట్టు వినిపించే ఎఫెక్టు) చేరిస్తే ఇంకా బాగుంటుంది. ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ 1976 నాటి 'ఆక్సిజెన్' ఆల్బమ్‌లో ఎమినెంట్ 310 ఆర్గన్‌ను ఫేజర్ గుండానే పంపాడు. ఈ ఎఫెక్టుల మీట మాత్రం మీ కీబోర్డులో నాలుగు మెనూల లోతున ఉంటుంది. ఎవరూ అడగని డెమో పాటకేమో ముందు ప్యానెల్ మీదే మీట! ఈ డిజైనర్లు ఏనాడైనా వేదిక మీద వాయించారా అని నాకు అనుమానం.

పాత యంత్రమే కావాలంటే వోల్టేజీ చూడకుండా ప్లగ్ పెట్టవద్దు. అమెరికా నుంచి వచ్చినవి 110-120 వోల్టులవి, మన 230కి నేరుగా తగిలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ మాడుతుంది. ఇలాంటి యంత్రాల్లో స్వరాన్ని సగం చేసే విభజన చిప్ ఒకటి పోతే ఆ స్వరం కింది ఆక్టేవులన్నింటిలోనూ మూగబోతుంది. అమ్మేవారు పంపే వీడియోలో ఒక్క పాట వాయిస్తే ఒప్పుకోకండి, 49 కీలూ ఒక్కొక్కటిగా నొక్కి చూపించమనండి.