అందరూ ఎక్కే ఓడ మా అబ్బాయికి వద్దా?

ప్రశ్న: మాది హనుమకొండ. మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. స్నేహితులంతా లక్ష రూపాయలు కట్టి మూడు నెలల డేటా సైన్స్ కోర్సులో చేరుతున్నారు. వీడేమో పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, ‘ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్’ అంటూ అర్ధరాత్రి దాకా నల్ల తెర ముందే కూర్చుంటున్నాడు. దీనికి ఉద్యోగాలుంటాయా? రెండింటిలో ఏది మేలు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఏం చేస్తున్నావని మీ అబ్బాయినే అడిగారా? వాళ్ళనూ వీళ్ళనూ అడిగినట్టున్నారు. సరే, నేను చెబుతాను.

లినక్స్ అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమే, దాని గుండెకాయ కెర్నల్. కంప్యూటర్ ఆన్ చేయగానే ఈ కెర్నల్ లేస్తుంది. అది డిస్కు తెరవాలంటే డ్రైవర్, అంటే ఆ పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్, కావాలి. ఆ డ్రైవరేమో డిస్కులోనే ఉంటుంది. తాళంచెవి ఇంట్లో మరచి తలుపు లాగేసుకున్నట్టు! అందుకే కావలసిన డ్రైవర్లను, ఒక చిన్న స్క్రిప్టును సీపీఐఓ అనే మూటగా కట్టి, జీజిప్‌తోనో మరొకదానితోనో కుదించి పెడతారు. ఆ మూటే మీవాడి ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్. కెర్నల్ దాన్ని మెమరీలో విప్పుకుని అసలు డిస్కును చేరుతుంది. మూటలో కావలసిన డ్రైవర్ ఒక్కటి తప్పినా కథ అక్కడే ఆగుతుంది.

ఒక ప్రశ్న వేసి చూడండి. ఉబుంటు అనే లినక్స్ రకంలో ఆ మూట ఫైలును నేరుగా సీపీఐఓ ప్రోగ్రామ్‌తో తెరిస్తే చాలాసార్లు మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపాలను సరిదిద్దే చిన్న కోడ్) మాత్రమే కనిపిస్తుంది, ఎందుకు? ‘అది కుదించని ముందు మూట, అసలు సరుకు దాని వెనకున్న మూటలో ఉంది’ అని తడుముకోకుండా చెబితే, మీవాడు కాలక్షేపం చేయడం లేదు.

ఇక డేటా సైన్స్. గణితం, సంఖ్యాశాస్త్రం ఇష్టపడేవారికి మంచి దారే. నా అనుమానమంతా ఆ మూడు నెలల మీద. కాజీపేట అమ్మాయి రెజ్యూమెలోనూ, కరీంనగర్ అబ్బాయి రెజ్యూమెలోనూ ఒకటే ప్రాజెక్టు: టైటానిక్‌లో ఎవరు బతికారు? కొత్తవాళ్ళు సాధన చేసే ఆ ప్రయాణికుల పట్టికలో వయసు నమోదు కానివారిని ఏం చేశావని అడిగితే ఇద్దరూ నేల చూపులే. 1912లో మునిగిన ఓడ మన ఫీజులను ఇంకా ముంచుతూనే ఉంది.

మీవాడి దారిలో కొత్తవాళ్ళకు ఖాళీలు తక్కువే, దాచను. కానీ హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ లాంటి చిప్ కంపెనీలున్నాయి. ఎన్నో రౌటర్లలో, సెట్‌టాప్ బాక్సుల్లో నడిచేది లినక్సే. సీ భాష, ఆపరేటింగ్ సిస్టమ్స్ గట్టిగా వస్తే భయం లేదు.

లక్ష బ్యాంకులోనే ఉంచి రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి కొనివ్వండి. సొంతంగా మూట కట్టి దాన్ని లేపమనండి. చేసిన పొరపాట్లతో సహా రాసి, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో పెట్టమనండి. రాత్రి పదకొండుకు లాప్‌టాప్ మూయించండి, ఆ ఒక్క విషయంలో నేను మీ పక్షమే.