నీటిపిల్లి పంజాలు, హీరో కాళ్లు

తమ్ముడికి,

నువ్వు పంపిన గేమ్ కథ చదివాను. కోరింగ మడ అడవిలో నీటిపిల్లిగా మారే ఆ పడవవాడు భలే ఉన్నాడు. పోటు తీసినప్పుడు బురద బయటపడే పేరాలో ఒక్క మాట కూడా మార్చకు. పేచీ అంతా ఫైట్ దగ్గరే. "పిడికిలితో రెండు గుద్దులు, రెండు పంజాలు, ఒక కాటు, అన్నీ ఫుల్ బలంతో" అని ఒక్క లైన్‌లో తేల్చేశావు. ఆడేవాళ్లు సరిగ్గా అక్కడే ఆట ఆపి రూల్ బుక్ తీస్తారు.

నువ్వు ఎంచుకున్నది 2009 నాటి పాత పాత్‌ఫైండర్, పాచికలేసి పాత్రల్ని నడిపించే ఆట. పంజా, కాటు అందులో నేచురల్ అటాక్‌లు, అంటే ఒంటితో పుట్టిన ఆయుధాలు. ఉత్త వాటితోనే కొట్లాడితే నీ హీరోకి అన్నిటికీ పూర్తి బోనసే. అదే టర్న్‌లో గుద్దో తన్నో కలిపావా, ఆ పంజాలూ కాటూ సెకండరీ, అంటే రెండో రకం దెబ్బలు అయిపోతాయి. తగలడానికి 5 తగ్గుతుంది, డ్యామేజ్‌కి బలం సగమే కలుస్తుంది. నీ వాడి లెక్కే చూద్దాం. బేస్ అటాక్ (దెబ్బ తగిలించే నేర్పు) 6, బలం 18, అంటే బోనస్ 4. పంజాలూ కాటూ మాత్రమే అయితే మూడు దెబ్బలు, ఒక్కోటీ తగలడానికి వేసే పాచికకి ప్లస్ 10, డ్యామేజ్‌కి 4 కలుస్తుంది. తన్నులు కూడా కలిపితే మొదటి తన్ను ప్లస్ 10, రెండోది ప్లస్ 5. పంజాలూ కాటూ ప్లస్ 5కి దిగిపోతాయి, డ్యామేజ్‌కి కలిసేది 2. దెబ్బలు ఐదయ్యాయి గానీ పదును తగ్గింది. మల్టీఅటాక్ అనే ఫీట్ (పాత్రకిచ్చే ప్రత్యేక నైపుణ్యం) ఇస్తే 5 బదులు 2 మాత్రమే తగ్గుతుంది. బలం మాత్రం అప్పుడూ సగమే.

తన్నులు అన్నాను, గమనించావా? గుద్దిన చెయ్యి అదే టర్న్‌లో పంజా విసరలేదు. పందెం కోడికి కత్తి కట్టాక ఆ కాలితో తగిలేది కత్తే, ముల్లు లెక్కలోకి రాదు. ముక్కు మాత్రం దాని ముక్కే. (చట్టం వద్దన్నా ఈ చదువు మన వైపు ఎవరికీ తక్కువుండదు.) ఒట్టి దెబ్బ (ఆయుధం లేకుండా కొట్టేది) అంటే పిడికిలే కానక్కర్లేదు, మోకాలైనా తలైనా సరే. అందుకని లెక్క తర్వాత చూసుకో, ముందు ఒళ్లు రాయి. "మోకాలు పొట్టలో దిగింది. వాడు వంగాడు. రెండు పంజాలూ వీపు మీద పడ్డాయి." ఇలా రాస్తే ఏ చెయ్యి ఖాళీగా ఉందో ఎవరూ అడగరు.

అసలు కథ నీ బురదలో ఉంది, నువ్వే చూసుకోలేదు. ఇన్ని దెబ్బలూ ఫుల్ అటాక్‌లోనే, అంటే టర్న్ అంతా కొట్టడానికే వాడితేనే వస్తాయి. నడిచి వెళ్లి కొడితే ఒక్కటే. గట్టి నేల మీదైతే ఐదడుగులు జరిగి కూడా ఫుల్ అటాక్ చేయొచ్చు. నడక కష్టమైన చోట ఆ వెసులుబాటు లేదు. మడ బురద అలాంటిదే కదా! విలన్ పడవని కాస్త వెనక్కి తోశాడంటే నీ హీరో ఐదు దెబ్బలూ గాల్లో కలిసినట్టే. అలాంటిది, ఆ విలన్‌ని కదలకుండా నిలబెట్టి తన్నించావేంట్రా?

ఇంకోటి. హీరో చెల్లెల్ని మాంక్ (ఒట్టి చేతులతో పోరాడే యోధురాలు) చేశావు. ఫ్లరీ (మాంక్ వరసగా కురిపించే దెబ్బలు) చేసే టర్న్‌లో నేచురల్ అటాక్‌లు కలపకూడదు. ఫెరల్ కంబాట్ ట్రైనింగ్ ఫీట్ ఉంటే మాత్రం, ఎంచుకున్న నేచురల్ అటాక్‌తో ఫ్లరీ చేయొచ్చు. అది పంజాకిస్తావో కాటుకిస్తావో తేల్చుకుని ఆ ఫైట్ మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య
అమలాపురం